కేబీఆర్ పార్కుని అడవిలా చూడటం ఎలా: గేటు దగ్గర్నుంచి ఇంటికొచ్చేదాకా

హైదరాబాద్‌లో ఉండేవాళ్ళలో చాలామంది కేబీఆర్ పార్కు చుట్టూ ఎన్నిసార్లు తిరిగారో లెక్కే ఉండదు, లోపలికి మాత్రం ఒక్కసారి కూడా వెళ్ళి ఉండరు. వెళ్ళినవాళ్ళలో కూడా ఎక్కువమంది చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, చేతి వాచీలో అడుగులు లెక్కపెట్టుకుంటూ ఒక రౌండ్ కొట్టి బయటికొచ్చేసి "ఏముంది అక్కడ, ఎండిపోయిన చెట్లు తప్ప" అంటారు. నేనూ మొదట అలాగే అన్నాను. మా బావమరిదితో వెళ్ళా ఆ రోజు, శంకర్‌పల్లి వైపు ప్లాట్ల రేట్ల గురించి మాట్లాడుకుంటూ ముప్పావు గంట నడిచాం, ఒక్క నెమలి కూడా కనిపించలేదు. కనిపించకపోవడం కాదు, మా గొంతులు విని అవి ముందే పొదల్లోకి జారుకుని ఉంటాయి. తర్వాతెప్పుడో ఒక్కడినే వెళ్ళి, కాళ్ళు నొప్పెట్టి ఒక బండ మీద ఇరవై నిమిషాలు ఊరికే కూర్చుంటే అప్పుడు తెలిసింది ఇది పార్కు కాదని.

కాబట్టి ఈ గైడ్‌లో కేలరీల సంగతి ఉండదు. అడవిని చూడాలనుకునేవాళ్ళ కోసం రాస్తున్నా.

ముందు ఇదేంటో తెలుసుకోండి

పేరులో పార్కు ఉంది గానీ చట్టం ప్రకారం ఇది నేషనల్ పార్కు. అంటే పులులు తిరిగే నాగర్‌హొళె, కాన్హా అడవులకి వర్తించే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమే జూబ్లీ హిల్స్ మధ్యలో ఉన్న ఈ మూడొందల యాభై ఎకరాల పైచిలుకు నేలకీ వర్తిస్తుంది. 1998లో నేషనల్ పార్కుగా ప్రకటించి కాసు బ్రహ్మానందరెడ్డి పేరు పెట్టారు, ఆయన 1964 నుంచి 1971 దాకా ఉమ్మడి రాష్ట్ర ముఖ్యమంత్రి. అంతకుముందు ఇది నిజాం కుటుంబం ఎస్టేటు. లోపల చిరాన్ ప్యాలెస్ ఇప్పటికీ ఉంది, ఆఖరి నిజాం మనవడు ముకరం జాకి చెందిన భవనం అది, ఆయన 2023 జనవరిలో ఇస్తాంబుల్‌లో చనిపోతే తీసుకొచ్చి మక్కా మసీదులో ఖననం చేశారు. మోర్ బంగ్లా, మోటార్ ఖానా, గోల్ బంగ్లా అని పాతవి ఇంకొన్ని కట్టడాలున్నాయి. మోర్ అంటే నెమలే, ఆ పేరు ఊరికే రాలేదు. ప్యాలెస్ చూద్దామనే ఆశతో మాత్రం వెళ్ళకండి, సందర్శకుల్ని అటు పోనివ్వరు.

ఇంకో సంగతి. ఇది పచ్చగా కళకళలాడే తోట కాదు, దక్కన్ పీఠభూమి మీద రాతిగుట్టల్లో పెరిగే పొడి అడవి. బంజారా హిల్స్, జూబ్లీ హిల్స్ అంతా ఒకప్పుడు ఎలా ఉండేదో దానికి మిగిలిన నమూనా అన్నమాట. గ్రానైట్ గుండ్లు, వాటి సందుల్లో కాస్త మట్టి, ఆ మట్టిలో వేప, కానుగ, మోదుగ, సీతాఫలం, తంగేడు, రేగు, ముళ్ళ పొదలు. నాలుగు నెలలు వానకి తాగిన నీళ్ళతో మిగతా ఎనిమిది నెలలు గడుపుకోవాలి కాబట్టి ఎండాకాలం ముందే చాలా చెట్లు ఆకులు రాల్చేస్తాయి. మార్చిలో వెళ్ళి "అంతా ఎండిపోయింది, ఎవరూ నీళ్ళు పోయట్లేదు" అని అటవీ శాఖని తిట్టేవాళ్ళని నా చెవులతో విన్నా. ఆ చెట్లు చావలేదండీ, నిద్రపోతున్నాయి.

ఏ నెలలో వెళ్ళాలి

నన్నడిగితే మృగశిర కార్తె దాటి నాలుగు వానలు పడ్డాక, జూన్ చివర నుంచి ఆగస్టు దాకా. కారణం నెమళ్ళు. మగ నెమలికి పించం నిండుగా ఉండేది, పురివిప్పి ఆడేది ఈ కాలంలోనే, వానాకాలం వెళ్ళేసరికి ఆ ఈకలన్నీ రాలిపోతాయి. అక్టోబర్‌లో వెళ్ళి తోక లేని మగ నెమలిని చూసి "అది ఆడది" అని పిల్లలకి చెప్పేస్తుంటారు. మెడ చూడండి, నీలం రంగులో మెరుస్తుంటే అది మగదే, కొత్త ఈకల కోసం ఎదురుచూస్తోంది. మొదటి వానల తర్వాత నేల మీద కళ్ళు పెట్టి నడిస్తే ఎర్ర మఖమల్ గుడ్డ ముక్కల్లాంటి ఆరుద్ర పురుగులు కనబడొచ్చు. చిన్నప్పుడు అగ్గిపెట్టెలో వేసుకుని తిరిగినవాళ్ళకి ఇంక వేరే చెప్పక్కర్లేదు, ఇక్కడ మాత్రం చూసి వదిలేయాలి.

సెప్టెంబర్, అక్టోబర్‌లలో బతుకమ్మ వేళకి తంగేడు పసుప్పచ్చగా విరబూస్తుంది, సీతాఫలాలు కళ్ళు తెరుస్తుంటాయి. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా పిట్టలు చూసేవాళ్ళకి మంచి కాలం, చలికి వలస వచ్చేవి ఉంటాయి, పైగా ఆకులు పల్చబడతాయి కాబట్టి కొమ్మ మీద ఏం వాలినా దొరికిపోతుంది. ఫిబ్రవరి, మార్చిలో మోదుగ పూలు. ఏప్రిల్, మేలలో పొద్దున ఏడున్నరకే ఎండ నెత్తిన కూర్చుంటుంది, కోయిల కూతలు తప్ప పెద్దగా మిగలదు. వెళ్ళాలనుంటే గేటు తీసే టైముకి వెళ్ళి ఎనిమిదింటికల్లా బయటపడండి.

వారంలో ఏ రోజంటే మంగళ, బుధ, గురువారాలు. ఆదివారం పొద్దున వెళ్తే సగం జూబ్లీ హిల్స్ అక్కడే ఉంటుంది.

ముందు రోజు రాత్రి

బట్టలు ముదురు ఆకుపచ్చో, ఖాకీయో, బూడిద రంగో ఉంటే మేలు. తెల్ల టీషర్టు, మెరిసే నారింజ రంగు జాగింగ్ సూటు వేసుకుంటే పిట్టలకి దూరం నుంచే నోటీసు ఇచ్చినట్టు. పొడుగు ప్యాంటు వేసుకోండి, పొట్టి నిక్కర్లు వద్దు, దోమలు కాళ్ళని వదలవు. చెప్పులొద్దు, పట్టు ఉండే బూట్లు వేసుకోండి, ఎందుకంటే వాన పడ్డ రోజు బండల మీద నాచు భలే జారుతుంది. స్టీలు బాటిల్‌తో నీళ్ళు తీసుకెళ్ళండి. ప్లాస్టిక్ కవర్లు, చిప్స్ ప్యాకెట్లు, టిఫిన్ డబ్బాలు కారులోనే ఉంచండి. సెంటు కొట్టుకోకండి.

బైనాక్యులర్స్ ఉంటే మొత్తం కథే మారిపోతుంది. 8x42 అని ఉండేవి, అంటే ఎనిమిది రెట్లు దగ్గరగా చూపించేవి తీసుకోండి, 20x అని ఆన్‌లైన్‌లో కనిపించే చవకవి చేతిలో వణుకుతాయి, ఏమీ కనపడదు. కొనే ఉద్దేశం లేకపోతే ఫోన్‌లో మెర్లిన్ అనే ఉచిత యాప్ వేసుకోండి, ఇండియా పక్షుల ప్యాక్ ముందే డౌన్‌లోడ్ చేసుకుంటే అక్కడ కూత వినిపించగానే అదేం పిట్టో చెబుతుంది. ఒక్క షరతు, అందులో ఉన్న కూతల రికార్డింగ్ అక్కడ పైకి వినిపించకండి. ఇంకో పిట్ట తన జాగాలోకి వచ్చిందనుకుని అది తిండి మానేసి పోట్లాటకి బయల్దేరుతుంది.

టైమింగ్స్ సంగతి ఇప్పుడే చూసుకోండి. పొద్దున కొన్ని గంటలు, సాయంత్రం కొన్ని గంటలు తెరుస్తారు, మధ్యలో మూసేస్తారు. నేనోసారి కూకట్‌పల్లి నుంచి పిల్లల్ని వేసుకుని తాపీగా పదకొండింటికి దిగా. మూసిన గేటు ముందు నిలబడి పిల్లలు చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేను, ఆ రోజు ఐస్‌క్రీమ్‌తో బతికి బయటపడ్డా. సీజన్ని బట్టి వేళలు, అప్పుడప్పుడు టికెట్ రేట్లు మారుతుంటాయి, అందుకే నేను అంకెలు రాయట్లేదు. ఒక రోజు టికెట్ వేరు, రోజూ వచ్చే వాకర్లకి పాస్ వేరు, కెమెరాకి వేరే డబ్బులు అడగొచ్చు.

చేరుకోవడం

పార్కు చుట్టూ ఉండే జంక్షన్లు గుర్తుపెట్టుకుంటే ఎక్కడున్నారో ఎప్పుడూ తెలుస్తుంది: జూబ్లీ హిల్స్ చెక్‌పోస్ట్, పార్కు మెయిన్ గేటు, అగ్రసేన్ చౌరస్తా, క్యాన్సర్ హాస్పిటల్, ఫిల్మ్‌నగర్, రోడ్ నంబర్ 45. మెట్రోలో వచ్చేవాళ్ళు నాగోల్ నుంచి రాయదుర్గం వెళ్ళే బ్లూ లైన్ ఎక్కి చెక్‌పోస్ట్ స్టేషన్లో దిగండి. అక్కడి నుంచి రోడ్ నంబర్ 2 మీద, పార్కు కంచె కుడిచేతి వైపు ఉండేలా నడుస్తూ పోతే మెయిన్ గేటు వస్తుంది. అయితే తెల్లవారుజామున మెట్రో మొదలయ్యేలోపు మంచి వేళ దాటిపోతుంది, అందుకే పొద్దున ఆటోలోనో బండి మీదో రండి, మెట్రోని సాయంత్రానికి ఉంచుకోండి. కారైతే వారం మధ్యలో ఇబ్బంది లేదు, ఆదివారం పార్కింగ్ కోసం తిరిగే తిరుగుడులోనే ఓ వాకింగ్ అయిపోతుంది.

లోపల నడవడం ఎలా

అసలు విషయం ఇదే, ఇక్కడ కాస్త నిదానంగా చదవండి.

గేటు దాటిన మొదటి పది నిమిషాలు ఏమీ కనిపించదనుకోండి. జనం అక్కడే ఎక్కువ, వెనక హారన్లు ఇంకా వినిపిస్తుంటాయి. ఆ పది నిమిషాలు మామూలుగా నడిచేసి గుంపుని దాటేయండి, లేదా పక్కకి జరిగి గుంపునే ముందుకి పోనివ్వండి. నేను రెండోదే చేస్తా. వాకర్లు అలలు అలలుగా వస్తారు, ఒక అల వెళ్ళిపోయాక ఐదారు నిమిషాలు దారి ఖాళీగా ఉంటుంది, ఆ ఖాళీలోనే అడవి మళ్ళీ కదులుతుంది.

తర్వాత వేగం తగ్గించండి. ఎంత తగ్గించాలంటే వెనకొచ్చేవాళ్ళు "ఏమైనా పోగొట్టుకున్నారా అంకుల్" అని అడగాలి. ఇరవై అడుగులు నడవడం, ఆగడం, వినడం. ముందు చెవి, తర్వాత కన్ను. నెమలి కేక ఎవరికైనా తెలుస్తుంది. బొంగురుగా "ఊప్ ఊప్ ఊప్" అని పొద లోపల్నించి వస్తే అది జెముడు కాకి, ఇటుక రంగు రెక్కలతో నేల మీద బద్ధకంగా నడుస్తూ కనిపిస్తుంది. ఎండుటాకుల్లో పెద్ద చప్పుడు వినగానే పామో అని టెన్షన్ పడకండి, తొంభై శాతం అది ఉడుతో తొండో కౌజు పిట్టల గుంపో అయి ఉంటుంది. తల మీద చిన్న జుట్టు, తోక కింద ఎర్రమచ్చతో కనిపించే నల్లటిది పిగిలి పిట్ట. దాన్ని మొదటి రోజే గుర్తుపట్టడం నేర్చుకోండి, ఎందుకంటే మిగతా పిట్టల సైజు చెప్పుకోవడానికి "పిగిలి పిట్ట కంటే చిన్నదా పెద్దదా" అనే కొలత పనికొస్తుంది.

నడక మధ్యలో కనీసం ఒక్కసారి పావుగంట కూర్చోండి. నీడ, వెలుగు కలిసే చోటు చూసుకుని, వీపు చెట్టుకో బండకో ఆనించి. కూర్చునే ముందు ఆ బండ కింద, పక్కన సందుల్లో ఏమైనా ఉందేమో చూసుకోవడం మర్చిపోకండి. మొదటి ఐదు నిమిషాలు చాలా విసుగ్గా ఉంటుంది, చెయ్యి ఫోన్ మీదకే పోతుంది. ఏడో నిమిషానికో ఎనిమిదో నిమిషానికో మీరు ఆ చోటులో కలిసిపోతారు, ఉడుతలు మిమ్మల్ని లెక్కచేయడం మానేస్తాయి. నేను చూసినవాటిలో మంచివన్నీ ఇలా కూర్చున్నప్పుడే చూశా. ఓసారి ఉడుము ఒకటి ఎండ కాచుకోవడానికి నాకు పది అడుగుల దూరంలో బండెక్కి, ఓ పక్కకి తల వంచి నన్ను చూసి, వీడివల్ల ప్రమాదం లేదనుకుందో ఏమో కళ్ళు మూసుకుంది.

ఎండాకాలంలో నేల మీద సాసర్లలా కట్టిన నీటి తొట్లు కనిపిస్తే దగ్గరికి వెళ్ళకండి, దూరంగా ఆగండి. అడవిలో ఉన్న ప్రతిదీ అక్కడికి రావాల్సిందే. మీరు తొట్టి పక్కనే నిలబడి ఫొటో తీస్తుంటే దాహంతో వచ్చింది అలాగే వెనక్కి పోతుంది.

అటవీ శాఖ లెక్కలో ఇక్కడ ఆరువందల రకాల పైనే మొక్కలు, నూట నలభై రకాల దాకా పక్షులు ఉన్నాయంటారు. మొదటిసారి పది పిట్టల్ని గుర్తుపడితే మీరు గొప్పే. పునుగు పిల్లి, ఏదుపంది రాత్రి తిరిగేవి, అవి కనిపిస్తాయని పిల్లలకి మాటివ్వకండి. వాటి గుర్తులు వెతకడమే అసలు మజా: దారి పక్క మెత్తటి మట్టిలో పాదాల ముద్రలు, తవ్వి వదిలేసిన గుంటలు, నలుపు తెలుపు పట్టీలున్న ఏదు ముల్లు.

పిల్లలు, పెద్దవాళ్ళు

పిల్లలకి "మాట్లాడకు" అంటే పని చేయదు. పోటీ పెట్టండి: ఐదు రకాల ఆకులు చూపించాలి కానీ తెంపకూడదు, మూడు వేర్వేరు కూతలు వినాలి, ఒక పుట్ట, ఒక సాలెగూడు కనిపెట్టాలి. మా అన్నయ్య కూతురికి ఏడేళ్ళు, ఆ పిల్ల కనిపెట్టిన సాలెపురుగుల్లో నాకు సగం కూడా కనపడలేదు, వాళ్ళ కళ్ళు నేలకి దగ్గరగా ఉంటాయి మరి.

అమ్మనో అత్తయ్యనో తీసుకెళ్తుంటే రౌండ్ పూర్తి చేయాలని పట్టుపట్టకండి. దారి చదునుగా ఉండదు, ఎత్తుపల్లాలు ఉంటాయి. కాస్త దూరం వెళ్ళి కూర్చుని, అలాగే వెనక్కొచ్చేయొచ్చు. బాత్రూమ్ పని గేటు దగ్గరే ముగించుకోవడం మంచిది. మా అత్తయ్య మొదటిసారి వచ్చినప్పుడు రెండు వందల అడుగులు కూడా నడవలేదు గానీ, కనిపించిన ప్రతి మొక్కకీ పేరు, అది ఏ నొప్పికి వాడతారో, ఎవరి పెరట్లో ఉండేదో చెప్పుకుంటూ పోయింది. ఏ యాప్‌లోనూ అదంతా దొరకదు.

పాముల గురించి

ఉన్నాయి. అడవి కదా. దారి మీద నడుస్తూ, చెయ్యి పెట్టే చోట, కాలు వేసే చోట చూసుకుంటే భయపడాల్సింది లేదు. వానాకాలం, సాయంత్రం వేళ ఇంకాస్త జాగ్రత్త. కనిపిస్తే ఆగండి, రెండడుగులు వెనక్కి వేయండి, అదే పోతుంది. కర్ర తీయకండి, దగ్గర నుంచి వీడియో తీయకండి. ఎక్కడైనా సరే ఎవరినైనా కరిస్తే గట్టిగా కట్టు కట్టడం, కోయడం, నోటితో పీల్చడం, మంత్రం వేయించడం ఏదీ చేయొద్దు. ఉంగరాలు, వాచీ తీసేసి, ఆ కాలో చెయ్యో కదలకుండా ఉంచి, 108కి ఫోన్ చేసి పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాలి. మన దగ్గర దొరికే విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి నాలుగింటికీ పనిచేస్తుంది, కాబట్టి పాముని పట్టి తీసుకెళ్ళాల్సిన అవసరం లేదు.

చేయకూడనివి

కుక్కని తీసుకెళ్ళకూడదు, ఎంత బుద్ధిమంతురాలైనా సరే. నెమళ్ళకి బిస్కెట్లు, మరమరాలు వేయకూడదు, వాటికి పురుగులు, గింజలు, బల్లులు కావలసినన్ని ఉన్నాయి. స్పీకర్లో పాటలొద్దు, భక్తి పాటలైనా సరే. సీతాఫలం పండి కళ్ళ ముందు వేలాడుతున్నా కోయకూడదు, నేషనల్ పార్కు నుంచి అనుమతి లేకుండా ఏదీ బయటికి తీసుకుపోకూడదని చట్టంలోనే ఉంది. దీని మీద మా ఇంట్లో పెద్ద చర్చ జరిగింది, "రాలిపోయిన నెమలీక తెచ్చుకుంటే తప్పేంటి" అని. బయట ఎక్కడో రాలిన ఈక సంగతి వేరు, పార్కు లోపలిది మాత్రం పార్కుదే. ఫొటో తీసుకుని అక్కడే వదిలేయండి.

బయటి ట్రాక్ సంగతి

కంచె వెంబడి బయట ఐదారు కిలోమీటర్ల నడక దారి ఉంది, టికెట్ అక్కర్లేదు, రాగి జావలూ జ్యూసులూ తాగొచ్చు, ట్రాఫిక్ పొగ కూడా ఉచితం. లోపల చూశాక ఒక్కసారి బయట కూడా పూర్తిగా తిరగమంటాను, కారణం వేరే. కంచెకి ఇటువైపు సిగ్నల్ దగ్గర ఆగిన కార్లు, అటువైపు చేయి చాపితే అందేంత దూరంలో అడవి. 2016 నుంచి ఈ జంక్షన్ల దగ్గర ఫ్లైఓవర్ల ప్లాన్లు వస్తూనే ఉన్నాయి, చెట్లు కొట్టొద్దని వాకర్లు రోడ్డెక్కడం, కోర్టుకి పోవడం జరుగుతూనే ఉంది. 2020లో కేంద్రం పార్కు చుట్టూ ప్రకటించిన పర్యావరణ రక్షణ పట్టీ వెడల్పు కొన్నిచోట్ల మూడే మీటర్లు. మూడు మీటర్లంటే ఓ కారు పొడవు కూడా కాదు, ఆ కంచె పక్కన నిలబడి చూస్తే అదెంతో అర్థమవుతుంది. ట్రాఫిక్‌లో రోజూ గంట ఇరుక్కునేవాడిగా ఫ్లైఓవర్ ఎందుకు అడుగుతారో నాకూ తెలుసు, కానీ నా ఓటు చెట్లకే.

ఆదివారం తప్ప కుదరదంటే

అప్పుడు వనస్థలిపురం వైపు పోండి. విజయవాడ హైవే పక్కన మహావీర్ హరిణ వనస్థలి, మూడున్నర వేల ఎకరాల పైనే, అంటే కేబీఆర్‌కి దాదాపు పదింతలు. ఆ కాలనీకి పేరు దీనివల్లే వచ్చింది. చెట్లు తక్కువ, గడ్డి మైదానం ఎక్కువ, కృష్ణజింకలు గుంపులుగా కనిపిస్తాయి. చిలుకూరు బాలాజీ దర్శనానికి వెళ్ళేవాళ్ళకి దగ్గర్లోనే మృగవని ఉంది, ప్రదక్షిణలు అయ్యాక చూసి రావొచ్చు. వైజాగ్ వాళ్ళకి అసలు మా మీద జాలిపడే హక్కుంది, ఊరిని ఆనుకునే కంబాలకొండ పెట్టుకున్నారు, డెబ్భై చదరపు కిలోమీటర్ల దాకా ఉంటుంది, చిరుతపులులు కూడా ఉన్నాయి.

బయటికొచ్చాక

గేటు పక్కన నిలబడి బూట్లు, సాక్స్ దులుపుకోండి. ముళ్ళ గింజలు అంటుకుని ఉంటాయి, అవి కారు సీటుకి ఎక్కితే వారం పాటు గుచ్చుతూనే ఉంటాయి. ఏం చూశారో టిఫిన్ తినేలోపు రాసేసుకోండి, తేదీ, టైము, ఎక్కడ, ఏం చేస్తోంది అని నాలుగు ముక్కలు చాలు. ఓపికుంటే చూసిన పిట్టల లెక్కలు రాసుకునే ఈబర్డ్ అనే సైట్‌లో ఎక్కించండి. ఇక పిల్లలతో వచ్చినవాళ్ళు కారెక్కే ముందు వాళ్ళ జేబులు తడిమి చూడండి. మా పిల్ల జేబులో ఓసారి రెండు గులకరాళ్ళు, ఒక నత్త గుల్ల, నాలుగుగా మడిచిన నెమలీక దొరికాయి, వాటిని ఇచ్చేసి రావడానికి మళ్ళీ గేటు దాకా నడిచాం.